పక్క సీటు

లారీ గేరు మార్చాలంటే ఒంట్లో బలం ఉండాలంటారు. నిజానికి కావలసింది బలం కాదు, అదను. సింక్రోమెష్ లేని లారీలో కింది గేరుకి రావాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్‌తో ఇంజను వేగం పెంచి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. లోపలి పళ్ల వేగాలు కలిస్తే రాడ్డు దానంతటదే జారుతుంది. కలవకపోతే ఎంత బలం పెట్టినా గరగరలాడుతుంది. ఆ కలిసే క్షణం చెవికీ, అరికాలికీ, అరచేతికీ తెలుస్తుంది. మైకేల్ పొలానీ 1966లో ‘టాసిట్ డైమెన్షన్’ పుస్తకంలో చర్చించిన, మాటల్లో పెట్టలేని జ్ఞానం ఇలాంటిదే.

ఈ జ్ఞానమంటే మనకి మక్కువ. పుస్తకం మగవాళ్లదీ, చేతికి తెలిసింది మనదీ అనుకుంటాం. నేనూ అలాగే రాశాను. ఇప్పుడు అనుమానంగా ఉంది. 19వ శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీ దేవి ఒక పుస్తకంలోని పుటని వంటింట్లో దాచుకుని, చదువుని దొంగిలించగలిగింది. గేరు మార్చడాన్ని అలా దొంగిలించలేం. క్లీనరుగా ఎక్కి, ఏళ్ల తరబడి డ్రైవరు పక్కన కూర్చుని, ఆ శబ్దాలు వింటూ నేర్చుకోవాలి. మాటల్లో లేని విద్యకి పక్క సీటొక్కటే బడి. ఆడపిల్లని అక్కడ ఎవరు కూర్చోనిస్తారు? రాత్రి ప్రయాణాలు, దాబాల ముందు నులకమంచాలు (మరుగుదొడ్డి సంగతి సరేసరి).

భోపాల్‌కి చెందిన యోగితా రఘువంశీ న్యాయశాస్త్రం చదివి, భర్త పోయాక లారీ స్టీరింగు పట్టారు. ఆమె పేరు వినగానే ‘ఎంత ధైర్యం’ అంటాం. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందెవరని మాత్రం అడగం.