తాలు, గింజ

ఖరగ్‌పూరు పట్టణములో ఇందా ఒక పేట. రైల్వే కొలువులకై తరతరముల క్రిందట వచ్చిన తెలుగు కుటుంబములు ఆ పట్టణమున స్థిరపడినవి. అట్టి ఇంట ఒక ఇల్లాలు వంట ముగించి ప్రణయనవల తెరచినచో, అది సంసారమునుండి పారిపోవుట యగునా?

ఈ నిందను ఎక్కువగా మోసిన రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి. ఆమె 1940లో కృష్ణాజిల్లా కాజ గ్రామమున, వరిపొలముల సీమలో జన్మించినది; వివాహానంతరము హైదరాబాదున గృహిణిగా నుండియే నవలలు వ్రాసినది; 2018లో కన్నుమూసినది. ఆమె కథలలో కారులు, మేడలు మెరసిన మాట నిజమే. కాని ‘సెక్రటరీ’ నాయిక జయంతి జీతమునకు పనిచేయు స్త్రీ. ప్రేమకన్న ముందుగా ఆమె కోరినది మర్యాద. ఆ కోరిక మేడలలో పుట్టినది కాదు; పనిచేయు చేతులకు సహజమైనది.

కల్లములో రైతు ధాన్యమును తూర్పారపట్టును. గాలికి తాలు ఎగిరిపోవును, గింజ కాళ్లకడనే రాలును. కలకును పరీక్ష అదియే. పుస్తకము మూసి పొయ్యికడకు మరలిన ఇల్లాలికి తన బ్రతుకు హీనముగా తోచినచో, చదివినది తాలు. తన్ను తాను ఇంచుక గౌరవించుకొన్నచో, గింజ.