ఎవరి సొమ్ము, ఎవరి పుణ్యం?

హిందూపురం దగ్గరున్న లేపాక్షికి మన జాలహళ్ళి వైపు నుంచి వెళ్ళినవారికి విరూపణ్ణ కథ వినకుండా తిరిగిరావడం కుదరదు. అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా బొక్కసం సొమ్ముతో వీరభద్రాలయం కట్టించాడట. కళ్ళు తీయించమని రాజాజ్ఞ అయితే, తానే కళ్ళు పెరికి గోడకు కొట్టాడట. గోడమీది ఎర్ర మరకలు నేటికీ చూపిస్తారు. కల్యాణ మంటపం అసంపూర్తిగా ఆగిపోవడానికీ అదే కారణమంటారు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యం. గుడిలోని శాసనాలు అచ్యుతరాయల పాలన (1529-42) నాటి దానాలనే చెబుతున్నాయి.

అయినా ఆ కథ లేవదీసే ప్రశ్న తేలికైనది కాదు. మంచి పనికి ఖర్చయినంత మాత్రాన తనది కాని సొమ్ము ధర్మమవుతుందా?

బ్యాంకు ఉద్యోగిగా నాకు తెలిసిన జవాబు ఒకటే: కాదు. ఖాతాదారు సొమ్ముతో అన్నదానం చేసినా అది కాజేయడమే. కానీ ఆ గుడిలోని నాట్య మంటపం కప్పుకేసి తలెత్తి చూస్తే నోట మాట రాదు. సున్నపు పూతమీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ఆవుకు న్యాయం చేయడానికి కన్నకొడుకునే శిక్షించిన మనునీతి చోళుని కథ. ఆ బొమ్మల నడుమ విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణ పరివారంతో సహా భక్తులై నిలబడి ఉంటారు.

ఇటలీలోని పడువా పట్టణంలోనూ ఇలాంటిదే ఉంది. వడ్డీ వ్యాపారి కొడుకు ఎన్రికో స్క్రొవేన్యి ఒక ప్రార్థనా మందిరం కట్టించి, 1305 ప్రాంతంలో జొట్టో చేత గోడలనిండా బొమ్మలు వేయించాడు. ఎన్రికో తండ్రిని మహాకవి దాంతే తన కావ్యంలో నరకంలో కూర్చోబెట్టాడు. ఆ పాపం కడగడానికే ఈ మందిరమని చెప్పుకుంటారు. మందిరాన్ని సమర్పిస్తున్న దాత బొమ్మ అక్కడా గోడమీద ఉంది. వడ్డీలు కట్టినవారి పేర్లు లేవు.

విరూపణ్ణ కథలో లోపం ఇక్కడే ఉందనిపిస్తుంది. రాజు అనుమతి ఉందా లేదా అన్నదొక్కటే ఆ కథకు పట్టింది. బొక్కసం నింపింది పన్ను కట్టిన రైతు. రాజు సరేనన్నా, ఆ రైతును అడిగిందెవరు? అనుమతితో పద్దు సరిపోవచ్చు, బాకీ తీరదు. కప్పుమీద బొమ్మలు గీసిన చేతులెవరివో కూడా మనకు తెలియదు.

అంతమాత్రాన ఆ చిత్రాలను తప్పుపట్టనక్కరలేదు. అవి చేసిన నేరమేమీ లేదు. చూసి ఆనందిద్దాం. ఆ రైతునూ ఆ చిత్రకారుణ్ణీ కూడా తలుచుకుందాం.

మన ఊళ్ళలోనూ గుడికి చందా ఇచ్చినవారి పేర్లు బండమీద చెక్కిస్తాం. మంచిదే. ఆ సొమ్ము ఏ కూలీకి తక్కువిచ్చి మిగిల్చిందో, ఎవరి అప్పు ఎగ్గొట్టి తెచ్చిందో మాత్రం అడగం. దేవుడికి ఇచ్చేముందు మనిషికి ఇవ్వవలసింది ఇచ్చామా అన్నది మొదటి లెక్క. అది తేలాక మిగిలిందే దానం.