అంతేవాసులెవరు?

గురువునకు సమీపమున వసించువాడు అంతేవాసి. సంస్కృతము నేర్చినవారికీ మాట క్రొత్తది కాదు. కాని గుంటూరు, విజయవాడల నడుమనున్న నాగార్జున విశ్వవిద్యాలయమునకు బోయి చూచినచో దీని యర్థము మరల విచారింపవలసి వచ్చును. అచ్చట వసతిగృహములు లేకపోలేదు. అయినను ఉదయమున బస్సులనుండియు, నంబూరు స్టేషనులో రైళ్లనుండియు దిగివచ్చి, ప్రొద్దు గ్రుంకువేళకు మరల నిల్లు చేరువారును గలరు. వీరు విద్యార్థులే, అంతేవాసులు కారా?

న్యూమను పండితుడు 1852లో ప్రకటించిన యుపన్యాసములలో, కలిసి నివసించుటతో పనిలేక పరీక్షలు మాత్రము జరిపి పట్టములిచ్చు విద్యాపీఠముకంటె, బోధన లేకున్నను యువకులను మూడు నాలుగేండ్లు ఒకచోట నుంచునదియే మేలని తలచెను. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయమో, లండను పద్ధతి ననుసరించి, తొలుత పరీక్షలు జరుపుటయే తన పనిగా నెంచుకొనెను. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయము గుంటూరున స్నాతకోత్తర కేంద్రమును నెలకొల్పుట, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయ మేర్పడుట వేరొక మార్గము. విశాఖకు బోజాలని విద్యార్థి కొరకు విద్యయే యాతని దాపునకు నడచి వచ్చినది.

నష్టము లేదని మేమనము. చర్చ రసవత్తరముగా సాగుచుండగా బస్సు తప్పునని లేచిపోవువానికి ఆ మిగిలిన యర్ధగంట యెవరును తిరిగి యీయలేరు. ఒక్కొక్కప్పుడా యర్ధగంటయే చదువు. అట్లని యాతడు చేరునిల్లు విద్యకు విరోధి కాదు. ఉదయము విన్న సిద్ధాంతమును రాత్రి భోజనముల యొద్ద తల్లికి బోధపరుప యత్నించినవాడు, తనకెంత బోధపడినదో చక్కగా నెరుగును. పరీక్షాధికారులు సైతమంత నిశితముగా ప్రశ్నింపరు!

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. చీకటి పడకమున్నే యిల్లు చేరుదురను నమ్మకముననే ఆడుపిల్లలను పైచదువులకు బంపినవారు కలరు. ఆ బస్సే లేనిచో ఆ చదువును లేదు. కావున ఆ బస్సును మేము నిందింపజాలము. కాని తలుపు తెరచిన చేయియే గొళ్లెమును పట్టుకొనియున్నదని మరువజాలము.

పరుల మాట యేల? మా బిడ్డలిరువురును చదువునది యా ప్రాంగణముననే. కుమారుని వసతిగృహమున జేర్చితిమి. కుమార్తెను దినదినము బస్సులో బంపుచున్నాము. ఏల యిట్లు చేసితిరని మిత్రుడొకడడుగగా, "దారి దగ్గరే కదా" యంటిమి.

ప్రక్కగదిలోనున్న మా యమ్మాయి వినెను. "తమ్మునికి మాత్రము దూరమా, నాన్నగారూ?" అని యడిగెను.

బస్సు వేళయైనదని చెప్పితిమి.