ఖాళీ అయిన ఆ కుర్చీలో ఎవరు?

అస్తిత్వవాదం అనగానే ‘దేవుడు లేడు’ అన్న మాటతో సరిపెట్టుకుంటాం. కానీ ఆ ఆలోచనకు ఆద్యుడిగా చెప్పుకునే కీర్కెగార్డ్ గాఢమైన విశ్వాసి. అతని పోరాటం దేవుడితో కాదు, డెన్మార్క్ ప్రభుత్వ చర్చితో. 1855లో మరణశయ్య మీద కూడా పాస్టర్ చేతి నుంచి ప్రభుభోజనం తీసుకోవడానికి నిరాకరించాడు. సార్త్ర్ నాస్తికుడు. అయినా 1945 నాటి ఉపన్యాసంలో, దేవుడున్నా తమ వాదనలో మార్పేమీ ఉండదన్నాడు. ఇద్దరూ కలిసే చోటు ఒకటుంది: నేను చేయాల్సిన నిర్ణయం నా బదులు మరొకరు చేయలేరు.

ఈ మాట స్త్రీల దగ్గరకొచ్చేసరికి ఏమవుతుంది? ఇక్కడ దక్కని సమానత్వాన్ని మతం పరలోకంలో చూపించి స్త్రీని లొంగుబాటుకు ఒప్పిస్తుందని సిమోన్ ద బోవా 1949లో ‘ద సెకండ్ సెక్స్’లో వాదించింది. 1956లో వాటికన్ ఆ పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల జాబితాలో చేర్చింది. అయితే అదే పుస్తకంలో ఆమె 16వ శతాబ్దపు సన్యాసిని, ఆవిలా తెరెసాను గౌరవంగా వేరుచేసి చూసింది. తెరెసా భక్తిలో కరిగిపోలేదు. ఆలోచించింది, రాసింది, మఠాలు స్థాపించింది.

పరిశోధన రోజుల్లో నేను మొదటి వాదననే పట్టుకున్నాను. దానితోనే మా అమ్మ నోముల్ని తూకం వేశాను. ఆ తూకాన్ని కదిలించింది బోవా రాసిన చిన్న పుస్తకం, ‘ఎ వెరీ ఈజీ డెత్’ (1964).

బోవా తల్లి నిష్ఠగల కాథలిక్. 1963లో కిందపడి తొడ ఎముక విరిగి ఆసుపత్రిలో చేరింది. అక్కడ కాన్సర్ బయటపడింది. ఆమెకు మాత్రం పెరిటోనైటిస్ అని చెప్పారు. ఆమె చివరిదాకా ఫాదర్‌ని పిలవమని అడగలేదు. భక్తులైన స్నేహితురాళ్లు నొచ్చుకున్నారు. తల్లి విశ్వాసం సడలిందని బోవా అనుకోలేదు. ప్రార్థిస్తే ‘నీ చిత్తం’ అనాలి. బతకాలనే మనిషి దేవుడితో ఆ అబద్ధం ఆడలేకపోయింది అనుకుంది.

దేవుడికి అబద్ధం చెప్పలేని ఆ తల్లికి కూతుళ్లు అబద్ధం చెప్పారు, ప్రేమతోనే. తన రోగమేదో తెలియని మనిషి ఏం ఎంచుకోగలదు? బోవా ఆ అబద్ధాన్ని దాచకుండా రాసింది. అందుకే ఆ పుస్తకాన్ని నమ్ముతాను. దేవుణ్ణి కుర్చీ దింపడంతో పని పూర్తికాదు. ఆ కుర్చీలో ప్రేమ పేరుతో, చదువు పేరుతో మనమే కూర్చోవచ్చు.

నోముల మీద నా అభిప్రాయం మారలేదు. కానీ అమ్మ ఎందుకు చేస్తుందో ఇన్నేళ్లూ నేనే చెబుతూ వచ్చాను. ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు.