ఎన్ని కుట్లకు ఎంత విశ్రాంతి?

ప్రసవించిన స్త్రీకి తెలుగులో ఒక పేరుంది. బాలింత. ఆ మాట వెనక ఒక ఏర్పాటంతా ఉంది. పుట్టింటి మంచం, పథ్యం, చెవుల్లో దూది, వేన్నీళ్ళు, బరువులెత్తొద్దని కసిరే అమ్మమ్మలు. ఆ ఏర్పాటులో ఎంత నిర్బంధం, ఎంత మూఢత్వం కలిసి ఉన్నాయో మనం చాలానే రాసుకున్నాం, రాసుకోవాలి కూడా. అయినా ఆ మాట ఒక పని చేస్తుంది. ఈ మనిషి పడుకోవాలి, ఎందుకని అడక్కండి అని ఇంటిల్లిపాదికీ చెప్తుంది. పోయిన ఆగస్టులో గాల్ బ్లాడర్ తీయించుకుని ఇంటికొచ్చాక నాకు అలాంటి మాట లేకపోవడం అంటే ఏమిటో తెలిసొచ్చింది. పిత్తాశయం పోయిన స్త్రీని ఏమంటారు? ఏమీ అనరు. 'ఆపరేషనయింది' అంటారు. వారం దాటాక 'అయిపోయిందిగా' అంటారు.

పిత్తాశయం కాలేయాన్ని అంటుకుని కింద ఉండే చిన్న సంచి. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పిత్తరసం తయారుచేస్తే అందులో కొంత ఇక్కడ చిక్కబడి నిలవ ఉంటుంది. కొవ్వు తిన్నప్పుడు సంచి ముడుచుకుని దాన్ని పేగులోకి వదులుతుంది. రాళ్ళు చేరి దారికి అడ్డం పడితే కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపులోకి, భుజంలోకి పాకుతుంది. ఏడాది పాటు నా నొప్పిని గ్యాస్ అన్నారు. తర్వాత టెన్షన్ అన్నారు. పీహెచ్‌డీ చేసిన ఆడవాళ్ళ నొప్పికి ఆ పేరు చాలా సులువుగా దొరుకుతుంది. చివరికి స్కానింగులో రాళ్ళు కనిపించాయి. సంచి లేకపోయినా మనిషి బతకొచ్చు. పిత్తరసం నేరుగా పేగులోకి కారుతూ ఉంటుంది. "అయితే నీ పైత్యం ఇక వదిలినట్టే" అని పెదనాన్న వరసాయన ఒకాయన ఫోనులో నవ్వాడు. నా చదువుని పైత్యం అనడం మా బంధువుల్లో ఎప్పటి నుంచో ఉన్న వాడుకే కాబట్టి ఆ హాస్యం అందరికీ అర్థమైంది.

ఫోను చేసిన ఆడవాళ్ళు వేరే ప్రశ్న అడిగారు. "గర్భసంచికేం కాలేదు కదా?" ముగ్గురు అడిగారు, ముగ్గురూ నా మేలు కోరేవాళ్ళే. కాలేదంటే "హమ్మయ్య" అన్నారు. నాకు ముప్ఫయ్యారేళ్ళు, పిల్లల్లేరు. పోయిన సంచితో ఎవరికీ పని లేదు, పని ఉన్న సంచి క్షేమంగా ఉంది. బాలింతకు దొరికే విశ్రాంతి కూడా ఈ లెక్కలోదే కదా అని అప్పుడనిపించింది. పాలు పడాలి, నడుం గట్టిపడాలి, మళ్ళీ చాకిరీలోకి రావాలి. అది ఆమె కోసం ఇచ్చింది కాదు, ఆమెతో అవసరం ఉన్నవాళ్ళ కోసం ఇచ్చింది. ఏరువాక ముందు ఎడ్లకు మేత పెంచినట్టు.

వైద్యశాస్త్రం చూపు దీనికి దూరమేమీ కాదు. వార్డులో పెద్ద డాక్టరు నా మంచం పక్కనే విద్యార్థుల చేత అప్పజెప్పించాడు: ఫ్యాట్, ఫిమేల్, ఫార్టీ, ఫెర్టైల్. పిత్తాశయంలో రాళ్ళున్న మనిషిని గుర్తుపట్టడానికి తరతరాల మెడికల్ విద్యార్థులు బట్టీపట్టిన సూత్రం ఇది. లావుపాటి, నలభైల్లో ఉన్న, పిల్లల్ని కనే ఆడది. నాకు నాలుగింట్లో ఒకటే సరిపోయింది. అందులో నిజం లేదని కాదు. ఈస్ట్రోజన్ వల్ల పిత్తరసంలో కొలెస్టరాల్ పెరుగుతుంది, ప్రొజెస్టరాన్ వల్ల సంచి ముడుచుకోవడం మందగిస్తుంది, కాన్పుల సంఖ్యతో రాళ్ళ ప్రమాదమూ పెరుగుతుంది. మరి చాలాసేపు తిండి లేకపోయినా సంచి ఖాళీ కాదు, రసం అందులోనే చిక్కబడుతుంది. అందరూ తిన్నాక తినేది ఎవరు? ఒంటిపూటలూ కార్తీక సోమవారాలూ ఎవరివి? ఆడవాళ్ళ రాళ్ళన్నిటికీ ఉపవాసాలే కారణమని నేననను. ఆడదాని ఒంటిని చూసినంత శ్రద్ధగా ఆమె వంటింటిని చూసే అలవాటు ఆ సూత్రానికి లేదంటాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళు కుట్లు చూపించమన్నారు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, కుడి పక్కన రెండు చిన్నవి. "ఇంతేనా!" అన్నారు. మా మేనత్తకు 1980ల్లో ఇదే ఆపరేషన్ కడుపు కోసి చేశారు. ఆమె చీర పక్కకు జరిపి తన గాటు చూపించింది, కాస్త గర్వంగానే. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి పిత్తాశయం తీసినప్పటి నుంచి వందేళ్ళ పాటు ఆ పెద్ద కోతే దారి. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె ల్యాప్రోస్కోపుతో తీశాడు. 1990లో ముంబైలో టెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతిని మన దేశానికి తెచ్చాడు. గొప్ప మేలే, కాదనను. కానీ కోత చిన్నదయ్యేసరికి చూసేవాళ్ళ కంటికి నొప్పి కూడా చిన్నదైపోయింది. లోపల తెగింది తెగినట్టే ఉంటుంది. కడుపు ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి డయాఫ్రమ్‌ని ఇబ్బంది పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నాలుగు రోజులు కుడి భుజం పట్టుకుని కూచున్నాను. కడుపులో ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేమిటని అడిగినవాళ్ళకు ఈ సంగతంతా చెప్పే ఓపిక లేదు. నేను కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ప్రాజెక్టు వాళ్ళు డిశ్చార్జి కాగితంలో 'ల్యాప్రోస్కోపిక్' అన్న మాట చూసి వారం చాలన్నారు, అదీ జీతం లేకుండా. నాలుగు వారాలు బరువులెత్తొద్దని సర్జన్ రాసిన వాక్యం అదే కాగితంలో ఉంది.

అంటే విశ్రాంతి నొప్పికి చెల్లించే కూలి అన్నమాట. గాటు పొడుగుని బట్టి రోజులు. ఈ లెక్క ఒప్పుకుంటే ఆడవాళ్ళం నొప్పుల్లో ఒకరితో ఒకరం పోటీ పడాలి, పడుతున్నాం కూడా. మేనత్త గర్వంలో నాకు కనిపించింది అదే. ఆమె తన నెలరోజుల మంచాన్ని ఆ గాటుతో కొనుక్కుంది. 'తేరుకోవడం' అంటాం కదా. బురదనీళ్ళు తేరుకోవాలంటే బిందెను కదపకుండా వదిలేయాలి. ఎంత బురద ఉందో ముందు రుజువు చెయ్యమని ఎవరూ బిందెను అడగరు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనక మంచం మీద నాకు వర్జీనియా వుల్ఫ్ గుర్తొచ్చింది. ప్రేమకీ యుద్ధానికీ ఇచ్చిన చోటు జబ్బుకి సాహిత్యం ఎందుకివ్వలేదని ఆమె 1926లో 'ఆన్ బీయింగ్ ఇల్' అనే వ్యాసంలో అడిగింది. నిలబడి తిరిగేవాళ్ళకు కనిపించని ఆకాశం పడుకున్నవాళ్ళకు కనిపిస్తుందంటుంది. నాకు చాలా ఇష్టమైన వ్యాసం. ఈసారి మాత్రం చదువుతుంటే ఆ ఇంటి వంటమనిషి నెల్లీ బాక్సల్ అడ్డం వచ్చింది. 1916 నుంచి 1934 దాకా వుల్ఫ్ దగ్గర పనిచేసింది. ఆమెతో తగువులు వుల్ఫ్ డైరీల నిండా ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆమె పేరు లేదు. ఒకరు పడుకుని ఆకాశం చూడాలంటే ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడాలి. జబ్బుని గురించి ఇంత గొప్పగా ఆలోచించిన మనిషి కూడా ఆ రెండో మనిషిని వ్యాసంలోకి రానివ్వలేదు.

నేను పడుకుంటే లేచి నిలబడింది ఎవరు? తెనాలి నుంచి అమ్మ వచ్చింది, అరిగిన మోకాళ్ళతో. మూడు వారాలు నూనె తగ్గించిన కూరలు, చారన్నం, మజ్జిగ. ఆమె కూచోవడం నేను చూసింది టీవీ సీరియల్ వేళ ఒక్కటే, అదీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. నా సహచరుడూ చేశాడు, మెప్పు కూడా పొందాడు. అతను బట్టలారేస్తుంటే చూసి పక్క ఫ్లాటావిడ "అదృష్టవంతురాలివమ్మా" అంది నాతో. అమ్మను చూసి ఎవరూ ఆ మాట అనలేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం సొంత ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే పురుషులు 88 నిమిషాలు. ఒక స్త్రీ పడుకుంటే ఆమె నిమిషాలు ఎటు పోతాయి? కొన్ని ఆ 88 వైపు పోతాయేమో. మిగిలినవి మరో స్త్రీ 289 మీదికి ఎక్కుతాయి.

ఆ మరో స్త్రీకి కొన్నిసార్లు జీతం ఉంటుంది. హైదరాబాదులో మా ఇంట్లో పనిచేసేవిడని నేను అక్కా అంటాను. ఆమె నాకన్నా పదేళ్ళు పెద్ద, అయినా నన్ను అమ్మా అంటుంది. (ఈ పిలుపుల సంగతి విడిగా రాయాలి.) మూడో వారంలో ఒకరోజు నా కుట్లు చూసి "గింతదానికి ఇన్ని దినాలు పండుకోవాల్నా అమ్మా?" అంది. అందులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ తర్వాత చెప్పింది, తనకు గర్భసంచి తీయాలన్నారని, రెండేళ్ళుగా వాయిదా వేస్తోందని. "నాలుగిండ్లు పట్టిన. నేను పండుకుంటే ఇంకొకామెను పెట్టుకుంటరు. నేను లేచేసరికి ఇండ్లు ఉండయి."

గర్భసంచి తీయాలన్న మాట వినగానే నాకు అనుమానమే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అందుకని ఇంకో డాక్టరమ్మకు చూపించాం. గడ్డలు పెద్దవి, రక్తం బాగా పడిపోయింది, ఇక ఆలస్యం చెయ్యొద్దంది. ఆపరేషనయ్యాక ఆరు వారాలు వంగొద్దు, బకెట్లెత్తొద్దు అని కూడా చెప్పింది. వంగడం, బకెట్లెత్తడమే అక్క ఉద్యోగం.

నాకు విశ్రాంతి తీసుకునే అర్హత ఉందా అన్న ప్రశ్న అప్పటితో నాకు పనికిరాకుండా పోయింది. అక్క గాటు నా గాటుకన్నా పెద్దదే అవుతుంది, అయినా ఆమెకు దొరికే రోజులు తక్కువే. గాటు పొడుగుని కొలిచే లెక్క కూడా అందరికీ ఒకటి కాదు. అక్క జీతం గురించి ఒక స్నేహితురాలు, డబ్బిచ్చి చేతులు దులుపుకోవడం స్త్రీవాదమా అంది. కాకపోవచ్చు. కానీ డబ్బు మాట ఎత్తకుండా మాట్లాడే సంఘీభావం మీద నాకు నమ్మకం లేదు.

మా ఇంటి తరఫున రెండు నెలల జీతం పని లేకుండా ఇస్తామని, ఇల్లు ఇంకొకరికి పట్టించమని చెప్పాం. ఊడ్చి తుడవడం నా సహచరుడి వంతు. "నేనొస్తాలే" అన్న అమ్మను వద్దన్నాను. మిగిలిన మూడిళ్ళకీ నేనే వెళ్ళి అడిగాను. ఒకావిడ సగం ఇస్తానంది. ఇంకొకావిడ, కూతురొచ్చి చేస్తే ఇస్తానంది. మూడో ఇంట్లో ఆలోచించి చెప్తామన్నారు, చెప్పలేదు.

కూతురు ఇంటర్ రెండో ఏడు, నర్సింగ్ చదవాలనుకుంటోంది. "మార్చిల పరీక్షలైపోతయి కదా, పిల్ల ఇండ్లకు పోతది, నేను దవాఖానకు పోత" అంటుంది అక్క. "పరీక్షలయ్యాక ఎంట్రెన్సుకు చదువుకోవాలి కదక్కా" అన్నాను. అంట్లు తోముతున్నదల్లా ఆగింది.

"అది ఎప్పుడుంటది?" అని అడిగింది.