ఫలాపేక్ష ఉన్నవాళ్ల చదువు

భగవద్గీత మూడో అధ్యాయం అర్జునుడి నిష్ఠూరంతో మొదలవుతుంది. కర్మకంటే జ్ఞానమే మేలని నువ్వే అంటున్నావు, మరి నన్నీ ఘోరంలోకి ఎందుకు నెడుతున్నావని కృష్ణుణ్ణి నిలదీస్తాడు. పొలిటికల్ ఎకానమీ చదివి, అదే పాఠం చెప్పి రిటైరైన నాకు ఆ ప్రశ్న తిరగబడి ఎదురైంది. ఒకడి కష్టం ఇంకొకడి చేతికి ఎలా పోతుందో తెలిసిన మనిషి, ఆ సంగతినే పాఠంగా చెప్పుకుంటూ ఒకటో తారీఖున జీతం తీసుకుంటూ ఉండిపోవచ్చా? తెలుసుకోవడంతో ధర్మం తీరుతుందా?

మాది అనంతపురం జిల్లా. తిరుపతిలో ఎం.ఏ. అయ్యాక 1980ల మొదట్లో ఎం.ఫిల్.కని ఢిల్లీ జె.ఎన్.యు.లో చేరాను. అక్కడి ఎకనామిక్స్ సెంటర్‌ని నిలబెట్టింది కృష్ణా భరద్వాజ్. పల్లెలో భూమి, అప్పు, పంట, కూలి వేర్వేరు మార్కెట్లు కావనీ, ఒకే మనిషి నాలుగింటిలోనూ కూర్చుని ఉంటాడనీ, ఒకచోట అతనికున్న బలం మిగతా మూడుచోట్లా పనిచేస్తుందనీ ఆమె రాతల్లో చదివాం. అమిత్ భాదురి 1973లో రాసిన వ్యాసం ఇంకా ఘాటు. పంట పెరిగితే కౌలుదారు అప్పు తీర్చేస్తాడు, అప్పు తీరితే భూస్వామికి వడ్డీ పోతుంది. కాబట్టి కొత్త సేద్యం రావడం భూస్వామికే ఇష్టం ఉండకపోవచ్చునన్నాడాయన. ఆ వాదాన్ని తర్వాత చాలామంది తప్పుపట్టారు. మా వయసులో మాత్రం అది నిద్ర పట్టనివ్వలేదు.

నేను మా ఊరి చెనక్కాయల మీదే రాశాను. విత్తనం వేసేముందు కాయలూ డబ్బూ ఇచ్చేది వ్యాపారే. పంట వచ్చాక అతని కాటా దగ్గరికే తోలాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. బజారు ధరకీ అతను కట్టిన ధరకీ మధ్య తేడా అప్పు పుస్తకంలో ఎక్కడా కనపడదు. పుస్తకంలో వడ్డీ మర్యాదగానే ఉంటుంది. అసలు వడ్డీ కాటాలో ఉంటుంది. ఇది కనిపెట్టానని సంబరంగా ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "మాకు తెలీకనా పాపా? తెలిసినాంక ఏం జేస్తారంట మీ అయివార్లు?" అన్నాడు.

ఇందుకు డిపార్ట్‌మెంట్లలో దొరికే జవాబు సాధారణంగా గీతలోంచే వస్తుంది. నీ పని నువ్వు చెయ్యి, ఫలితం నీ చేతిలో లేదు, పాఠం చెప్పడమే నీ కర్మ. నెలజీతం వాళ్లకి ఈ మాట బాగా అచ్చొచ్చింది. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఫలాపేక్ష వదులుకోవాలంటే ముందు ఫలం ఎలాగూ వస్తుందన్న భరోసా ఉండాలి. వాన కోసం ఆకాశం చూసే మెట్టరైతు ఫలం మీద ఆశ వదిలితే కాటా దగ్గర కూర్చున్నవాడు ఊరుకోడు. అప్పున్నవాడికి నిష్కామకర్మ కుదరదు. ఈ మాట వేదాంతులు ఎవరైనా కాదంటే వినడానికి సిద్ధంగానే ఉన్నాను, కానీ ఒక పంటకాలం అప్పు చేసి చూశాకే రమ్మంటాను.

మా శాస్త్రం పుట్టినప్పుడు దానికీ ధర్మానికీ మధ్య గోడ లేదు. ఆడమ్ స్మిత్ 1752 నుంచి 1764 దాకా గ్లాస్గోలో నీతిశాస్త్రం ప్రొఫెసర్. ఆయన పాఠం దైవం గురించిన చర్చతో మొదలై, నీతి, న్యాయం మీదుగా నడిచి, చివరికి రాజ్యం, వర్తకం, సంపదల దగ్గరికి వచ్చేదని శిష్యుడు జాన్ మిల్లర్ చెప్పాడు. ఆ చివరి భాగంలోంచే 1776 నాటి పెద్ద పుస్తకం వచ్చింది. అందులో ఆయన సాటి అయ్యవార్లనీ వదల్లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో తాను చదువుకున్నప్పుడు ప్రొఫెసర్లు పాఠం చెప్తున్నట్టు నటించడం కూడా మానేశారనీ, విద్యార్థితో నిమిత్తం లేకుండా జీతం వస్తే జరిగేది అంతేననీ తేల్చాడు. గ్లాస్గోలో విద్యార్థులే ఫీజు ఇచ్చేవారు. 1764లో ఏడాది మధ్యలో ఉద్యోగం వదిలి, ఒక డ్యూక్‌కి చదువు చెప్పడానికి వెళ్తూ, స్మిత్ ఆ ఫీజు తిరిగి ఇవ్వబోతే పిల్లలు పుచ్చుకోలేదంటారు. మాల్థస్ సంగతి వేరు. ఆయన చర్చి గురువు. 1805 నుంచి చనిపోయేదాకా ఈస్టిండియా కంపెనీ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ చెప్పాడు. ఆ పాఠం విన్న కుర్రాళ్లే మన దేశానికి వచ్చి శిస్తులు కట్టించారు. జ్ఞానం కర్మగా మారకపోవడం కాదు, ఎవరి కర్మగా మారుతుందన్నదే ప్రమాదం.

కేంబ్రిడ్జిలో 1903లో ప్రొఫెసర్ మార్షల్ పట్టుబట్టి ఎకనామిక్స్‌కి వేరే పరీక్ష పెట్టించాడు. నీతిశాస్త్రంతో తెగతెంపులు అప్పటికి లాంఛనంగా పూర్తయ్యాయి.

నాకు దారి చూపించినవాళ్లు మాత్రం కొలంబియా యూనివర్సిటీలో సెలిగ్మన్ అనే ఒకే ప్రొఫెసర్ దగ్గర చదివిన ఇద్దరు. అంబేద్కర్ 1913లో అక్కడ చేరి, బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల మీద పరిశోధన చేశాడు. తిరిగొచ్చాక 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్ అయ్యాడు. స్టాఫ్ గదిలో కుండలో నీళ్లు ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు ఒప్పుకోలేదు. ఎవరి కష్టం ఎవరికి పోతుందన్న లెక్క ఆ కుండ దగ్గర ఆగిపోయింది. రూపాయి మారకం మీద ఆయన ఎంత గొప్ప పుస్తకం రాసినా అది అంటరానితనాన్ని వివరించదు. 1956 నవంబరులో, కన్నుమూసే ముందు, కాఠ్మండులో బౌద్ధుల సభలో ఆయన బుద్ధుణ్ణీ మార్క్స్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. గమ్యం విషయంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు, హింస విషయంలో ఉంది అన్నాడు.

రెండోవాడు కుమారప్ప, తంజావూరు క్రైస్తవ కుటుంబంవాడు, లెక్కల ఆడిటరు. బ్రిటిష్ వాళ్లు పన్నులు వసూలు చేసి ఖర్చుపెట్టే తీరే ఇండియా పేదరికానికి కారణమని 1928 ప్రాంతాల్లో కొలంబియాలో రాశాడు. ఆ రాతను గాంధీ 'యంగ్ ఇండియా'లో అచ్చువేసి, ఆయన్ని గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులతో ఖేడా జిల్లా మాతర్ తాలూకా పల్లెలకి సర్వే కోసం పంపాడు. తర్వాత కుమారప్ప జైల్లో కూర్చుని రెండు పుస్తకాలు రాశాడు, ఒకటి శాశ్వతంగా నిలిచే ఆర్థిక వ్యవస్థ మీద, ఇంకొకటి యేసు బోధల మీద. ఆయనకవి రెండు విషయాలు కావు.

ఇద్దరూ బోధన వదిలేశారని పైకి అనిపిస్తుంది. కానీ మాతర్ సర్వే విద్యార్థులతో చేయించిన పాఠమే. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టింది అంబేద్కర్ స్థాపించిన సంస్థే. కాబట్టి నాయన ప్రశ్నకి ఇప్పుడు నా జవాబు ఇది: పాఠం చెప్పడం కూడా పనే, అయితే అది ఎవరి లెక్క తేలుస్తోందో చెప్పేవాడికి తెలిసి ఉండాలి.

అలా తెలిసి ఉండటానికి ఉద్యోగంలో ధర చెల్లించాలి. మొదటి ఇంటర్వ్యూలోనే ఒక పెద్దాయన, "అమ్మా, ఇది ఎకనామిక్సా, పాలిటిక్సా?" అని నవ్వాడు, ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత డిగ్రీ కాలేజీలో చేరాను. 2010లో యూజీసీ ఏపీఐ మార్కుల పద్ధతి తెచ్చాక పేపర్‌కిన్ని, సెమినార్‌కిన్ని పాయింట్లు వచ్చాయి. మా పిల్లల్ని మండీకి తీసుకెళ్లి కాటా దగ్గర నిలబెట్టి చెప్పిన పాఠాలకి పాయింట్లు లేవు. నేను చదివిన ఎం.ఫిల్.ని యూజీసీ 2022లో ఎత్తేసింది. నేను రిటైరైన పోస్టులో ఇప్పుడున్నది గెస్ట్ లెక్చరర్. గంట లెక్కన జీతం. వేసవి సెలవుల్లో అదీ లేదు.

ఈ ఏడాది ఎకనామిక్స్ పీహెచ్‌డీలో చేరుతున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దూరం వెళ్లకండి. మీకు పాఠం చెప్పిన గెస్ట్ లెక్చరర్ జీతం ఎవరు నిర్ణయిస్తారు, మిగిలింది ఎటు పోతుంది అన్నదే టాపిక్‌గా తీసుకోండి. గైడ్ వద్దంటే, ఎందుకు వద్దో రాసి ఇమ్మని అడగండి.