రుజువు చేయాల్సింది ఎవరు?

విద్యార్థుల పర్యావరణ న్యాయ సదస్సు వచ్చే ఏడాది ఏ కాలేజీలో జరగాలన్నది పోటీ మీద తేలుతుంది. ఆడిటోరియంలో ఎన్ని సీట్లు, హాస్టల్లో ఎన్ని మంచాలు, ఎయిర్‌పోర్టు ఎంత దూరం, అన్నీ రాసి బిడ్ పంపాలి. మా హైదరాబాద్ కాలేజీ తరఫున ఆరుగురం రాస్తున్నాం. సీట్లూ మంచాలూ లెక్కపెట్టడానికి ఒక పూట చాలింది. వారం రోజులుగా కొట్టుకుంటున్నది ఒక్క ప్రశ్న దగ్గర: 'మీ నగరమే ఎందుకు?'

పెళ్ళి సంబంధానికి వెళ్ళినవాళ్ళు ఉన్న ఆస్తి చెప్పుకుంటారు. ఇలాంటి సదస్సుకి ఊరికున్న జబ్బే ఆస్తి. వాగు ఎంత చెడితే బిడ్ అంత బలం. మాకు మూసీ ఉంది, పటాన్‌చెరు ఉంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. మా డ్రాఫ్టులో ఈ అంకె బోల్డ్‌లో ఉంది. దాని కిందే 'రెండో రోజు మధ్యాహ్నం: బాధిత గ్రామాల సందర్శన, ఏసీ బస్సులో' అని ఉంది. (తర్వాత 'ఏసీ' అన్న మాట కొట్టేశాం. బస్సు మాత్రం ఏసీదే.)

మా ఆరుగురిలో ఒకమ్మాయిది ఆ వైపు ఊరే. డ్రాఫ్టు చదివి అంది: "మా తాత బావి చూపెట్టుడు ఇది ఐదోసారి అయితది. ఒకసారి చానెలోళ్ళు, ఒకసారి ఫారినోళ్ళు, రెండుసార్లు మనలాంటి స్టూడెంట్లు. ప్రతిసారి నీళ్ళు చేది వాసన చూడమంటడు. వచ్చినోళ్ళు ముక్కు మూసుకుంటరు. పోయేటప్పుడు థాంక్స్ చెప్తరు."

చూడకపోతే తెలిసేదెలా అన్నది అవతలి వాదన. తేలిగ్గా కొట్టేయలేను. మేం వాగుల్ని కేసు నంబర్లతో గుర్తుపెట్టుకునే మనుషులం. ఒక్కసారి ఆ గట్టున నిలబడితే చదివే చదువు మారిపోవచ్చు. అలా మారినవాడు మా టీమ్‌లోనే ఉన్నాడు, బస్సు ఉండాలని గట్టిగా పట్టుబట్టినదీ అతనే.

కానీ నాకు మాటిమాటికీ గుర్తొస్తున్నది మేమంతా పరీక్షకి చదువుకున్న తీర్పే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపు ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతామంది ఒక కంపెనీ. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. అది సుప్రీంకోర్టు దాకా పోయి, 1999లో ఎం.వి. నాయుడు కేసుగా పుస్తకాల్లోకెక్కింది. అందులో కోర్టు వివరంగా చర్చించిన సూత్రం ఇదీ: హాని జరుగుతుందని ఊరివాళ్ళు రుజువు చేయనక్కర్లేదు, జరగదని రుజువు చేయాల్సింది కొత్త పని తలపెట్టినవాళ్ళే.

ఇక్కడ తలపెట్టినవాళ్ళం మేమే. బస్సు నిండా అతిథులు రావడం, రసాయనాలు వదలడం ఒకటి కాదు, ఒప్పుకుంటాను. అయినా రుజువంటే ఒక ఖర్చు. ఓపిక, పరువు, ఒక పూట కూలి. ఆ ఖర్చు ఎవరి మీద వేస్తామన్నదే ఆ సూత్రంలో ఉన్న అసలు గొడవ. తాత బకెట్ చేదిన ప్రతిసారీ తన నీళ్ళు చెడ్డాయని మళ్ళీ మొదట్నించీ రుజువు చేస్తున్నాడు. కోర్టు ఆయన నెత్తి మీంచి దించిన బరువుని మేం సదస్సు పేరుతో తిరిగి ఎత్తుతున్నాం.

మరి ఆయనకి ఏం ఒరుగుతుందో మేమే రుజువు చేద్దామని కూర్చున్నాను. 'అవగాహన' అని రాశాను. ఎవరికి? వచ్చేవాళ్ళకి. 'గళం వినిపించే అవకాశం' అని రాశాను. నాలుగుసార్లు వినిపించిందే కదా. డెలిగేట్లకి సర్టిఫికెట్ వస్తుంది, మాకు పేరొస్తుంది. ఆయన వరసలో రాయడానికి ఏమీ దొరకలేదు. (స్పాన్సర్ల జాబితాలో ఒక మందుల కంపెనీ కూడా ఉంది. దాని గురించి ఇప్పుడు మొదలెడితే ఈ వ్యాసం తెమలదు.)

బస్సుని గండిపేట కట్ట మీదికి తిప్పుదామని ఒకరన్నారు. జలాశయాల చుట్టూ 84 గ్రామాలకి రక్షణగా 1996లో వచ్చిన జీవో 111, దాన్ని ఎత్తేస్తూ 2022లో వచ్చిన జీవో 69, రెండింటినీ అక్కడే నిలబడి చదవొచ్చు. ఎవరి గాయమూ చూడక్కర్లేదు. నాకు నచ్చింది. పోటీలో మార్కులు తగ్గుతాయన్నారు మిగతావాళ్ళు. తగ్గుతాయి కూడా.

ఇంత చర్చా అయ్యాక ఆ అమ్మాయి తాతకి ఫోన్ చేసింది. అంతవరకూ ఆయన్ని అడగాలని మాలో ఎవరికీ తట్టలేదు. "వచ్చేటోళ్ళల్ల వకీళ్ళున్నరా?" అని అడిగాడట. ఇంకా కాలేదు తాతా, చదువుతున్నరు అంది. "అయినంక రమ్మను" అన్నాడు.

ఆ జవాబు వద్దనడమా, రమ్మనడమా అన్న దాని మీద మళ్ళీ రెండు గంటలు పోయాయి. ముగ్గురం బస్సు తీసేయాలన్నాం, ముగ్గురు ఉంచాలన్నారు. బిడ్ శుక్రవారం వెళ్ళాలి. రెండో రోజు మధ్యాహ్నం గడి ఇంకా ఖాళీగానే ఉంది.